భుజం పట్టేసిందా? ముందు ఏ దశలో ఉందో చూసుకోండి

"మేడం, ఆ ఎక్సర్‌సైజులేవో ఒక కాగితం మీద రాసివ్వండి, ఇంట్లో చేసుకుంటా." ఒంగోల్లో ఫిజియోథెరపీ చేస్తున్న నాకు ఈ మాట వినపడని వారం లేదు. రాసివ్వడానికి నాకేం కష్టం లేదు. కానీ ఆ కాగితాన్ని ఫోటో తీసి వదినకో పక్కింటావిడకో పంపిస్తారు. ఆవిడ భుజం వేరే దశలో ఉంటుంది. రెండు రోజులు చేస్తుంది, నొప్పి రెండింతలవుతుంది, "నాకు ఎక్సర్‌సైజులు పడవు" అని మానేస్తుంది.

అందుకని ఈసారి ఈ భుజం పట్టేయడం, అంటే ఫ్రోజెన్ షోల్డర్ గురించి మొత్తం రాస్తున్నా. మధ్యలో ఉన్న వ్యాయామాల దగ్గరికి నేరుగా దూకకండి. 2, 3 భాగాలు చదివాకే అక్కడికి రండి.

1. లోపల ఏం జరుగుతుంది

భుజం కీలు చుట్టూ పల్చటి సంచి లాంటి పొర ఉంటుంది. చెయ్యి పైకెత్తడానికి వీలుగా చంక వైపు అది వదులుగా, మడతలు పడి ఉంటుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఆ పొరకు వాపు వచ్చి, తర్వాత మందమై, ముడుచుకుపోతుంది. ఉతికాక కుంచించుకుపోయిన రవిక చంకలో పట్టేసినట్టు అనుకోండి. చెయ్యి బాగానే ఉంటుంది, రవికే ఎత్తనివ్వదు.

ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య వస్తుంది, ఆడవాళ్లకు కాస్త ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకు మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువగా వస్తుంది, తగ్గడానికీ ఎక్కువ కాలం పడుతుంది. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లకు, చెయ్యి విరిగి కట్టుతో వారాల తరబడి కదపకుండా ఉంచినవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు, రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లకు కూడా రావచ్చు. చాలామందికి మాత్రం ఫలానా కారణమని చెప్పలేం. "బరువెత్తావా? చల్లగాలికి పడుకున్నావా?" అని ఇంట్లోవాళ్లు ఆరా తీయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

2. అసలు ఇది అదేనా? రెండు నిమిషాల పరీక్ష

భుజం నొప్పులన్నీ ఫ్రోజెన్ షోల్డర్ కావు. ఇలా చూసుకోండి.

మొదటిది. అద్దం ముందు నిలబడండి. రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి, మోచేతుల దగ్గర లంబకోణంలో వంచండి, అరచేతులు ఎదురెదురుగా. ఇప్పుడు మోచేతులు కదలకుండా రెండు ముంచేతులనూ గేటు తలుపులు తెరిచినట్టు బయటికి తిప్పండి. బాగున్న వైపు ఎంత తెరుచుకుంది, నొప్పి వైపు ఎంత తెరుచుకుంది? నొప్పి వైపు సగం కూడా రాకుండా ఆగిపోతే అనుమానించాల్సిందే. ఈ జబ్బులో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది ఈ తిప్పుడే.

రెండోది. మీ చేతిని పూర్తిగా వదిలేసి, ఇంట్లో ఒకరిని మెల్లగా పైకెత్తమనండి. మీరు ఎత్తలేనిది వాళ్లు పూర్తిగా ఎత్తగలిగితే ఇది ఫ్రోజెన్ షోల్డర్ కాదు. కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ, అంటే టెండన్, చిరిగిందేమో చూపించుకోవాలి. ఎవరెత్తినా అక్కడే ఆగిపోతుంటే కీలు సంచి బిగుసుకున్నట్టు.

ఎక్స్‌రే తీస్తే సాధారణంగా ఏమీ కనపడదు. "ఏమీ లేదన్నారు, అంటే నా నొప్పి ఉత్తిదేనా?" అని ఒకావిడ నా ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, ఈ పొర కనపడదు. ఎముక అరుగుదల, పాత విరుపు లాంటివి లేవని తేల్చుకోవడానికే ఆ ఎక్స్‌రే. ఎంఆర్ఐ అందరికీ అక్కర్లేదు.

ఇంటి చిట్కాలన్నీ పక్కనపెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సందర్భాలు:

- ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే వెంటనే 108
- జ్వరం, భుజం ఎర్రబడి వాచడం
- కిందపడ్డాక లేదా బండి ప్రమాదం తర్వాత మొదలైన నొప్పి
- చెయ్యి తిమ్మిర్లు, పట్టు జారిపోవడం, మెడ నుంచి వేళ్ల దాకా లాగడం
- కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం

ఇక్కడివాళ్లకు ఇంకో మాట. కనిగిరి, పొదిలి, దర్శి వైపు పల్లెల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు మెడ, నడుం, మోకాళ్లు అన్నీ కలిసి బిగుసుకుపోవడం చూస్తుంటాం. ఒక్క భుజం కాకుండా ఒళ్లంతా బిగుతుగా ఉంటే అది వేరే లెక్క. ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, ఏ ఊరి నీళ్లు తాగారో కూడా.

3. మీది ఏ దశ?

ఈ జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. కాలం అందరికీ ఒకేలా ఉండదు, సుమారుగా చెబుతున్నా.

నొప్పి దశ: 2 నుంచి 9 నెలలు. నొప్పి రోజురోజుకూ పెరుగుతుంది, రాత్రి ఎక్కువ. ఆ వైపు తిరిగి పడుకోలేరు. బస్సు కుదుపుకు చెయ్యి అదాటున కదిలితే ప్రాణం పోయినట్టుంటుంది.

బిగుసు దశ: 4 నుంచి 12 నెలలు. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు నొప్పి తగ్గుతుంది. చెయ్యి మాత్రం ఒక చోటికి వచ్చి గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. ఆ చివర్లోనే నొప్పి.

వదులయ్యే దశ: ఆరు నెలల నుంచి రెండేళ్లు. కొంచెం కొంచెంగా తిరిగి వస్తుంది.

ఎప్పుడు మొదలైందో చాలామందికి తారీఖు గుర్తుండదు. పండగలతో అడిగితే చెప్పేస్తారు. "సంక్రాంతికి ముగ్గులేసినప్పుడు బానే ఉంది మేడం. ఉగాదికి జడేసుకోలేకపోయా, మా అమ్మాయి వేసింది." అంతే, లెక్క తేలిపోయింది. సింగరాయకొండ నుంచి బస్సులో వచ్చే ఒకాయన ఇంకా తమాషా. ప్యాంటు వెనక జేబులో ఉండే పర్సు చొక్కా జేబులోకి మారింది. ఎప్పుడు మార్చారని అడిగితే ఆయన ఒక్క క్షణం ఆగి, "దసరా సెలవుల్లో... కండక్టర్ టికెట్ అడిగితే తీయలేకపోయా" అన్నాడు. నొప్పి అని ఆయన గుర్తించింది మాత్రం క్రిస్మస్ దగ్గర.

దశ తేల్చుకోవడానికి ఒకే ప్రశ్న: ఏమీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడు, రాత్రి పడుకున్నాక, నొప్పి ఎక్కువగా ఉందా? ఉంటే మీరింకా నొప్పి దశలోనే ఉన్నారు. మూడు నెలలైనా ఎనిమిది నెలలైనా సరే, 6వ భాగం మీకు ఇప్పుడే కాదు.

4. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

జిమ్ సామాను ఏదీ కొనొద్దు.

- బూజుకర్ర లేదా చీపురు కర్ర, మీటరు పొడవుంటే చాలు
- పొడుగు తువ్వాలు ఒకటి, మడతపెట్టడానికి చిన్నది ఒకటి
- నున్నటి బల్ల
- ఖాళీ గోడ, ఒక పెన్సిలు
- కాపడానికి వేడినీళ్ల సంచి, లేదా వేయించిన ఉప్పు మూట

మొదలుపెట్టే ముందు 10 నుంచి 15 నిమిషాలు కాపడం పెట్టండి. షుగర్ ఉన్నవాళ్లు వేడిని బాగున్న వైపు ముంచేతి మీద చూసుకుని, గుడ్డ చుట్టి పెట్టండి. స్పర్శ తగ్గినవాళ్లకు చర్మం కాలేదాకా తెలియదు. ఉప్పు మూటతో బొబ్బలు తెచ్చుకుని వచ్చినవాళ్లున్నారు.

షుగర్ టెస్టు ఈ మధ్య చేయించకపోతే ఇప్పుడే చేయించండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా. థైరాయిడ్ పరీక్ష కూడా డాక్టరుని అడగండి. భుజం కోసం వచ్చి షుగర్ ఉందని మొదటిసారి తెలుసుకునేవాళ్లు తక్కువేం కాదు.

5. నొప్పి దశలో: తక్కువ, మెల్లగా, ఎక్కువసార్లు

ఈ దశలో లక్ష్యం చెయ్యి పైకెత్తడం కాదు. నొప్పి తగ్గించుకోవడం, నిద్రపోవడం, ఉన్న కదలికను పోగొట్టుకోకపోవడం. అంతకు మించి ఆశపడితే ఎదురు తిరుగుతుంది.

ఇది నేను పాఠంగా చదివి, ఒకావిడ దగ్గర నిజంగా నేర్చుకున్నా. ప్రాక్టీసు కొత్తలో ఆమె భర్త పక్కనే నిలబడి "గట్టిగా చేయండమ్మా, ఏం కాదు" అంటుంటే నేనూ మొహమాటానికి గట్టిగానే లాగాను. నాలుగు రాత్రులు ఆమె కూర్చునే తెల్లవార్చింది. మళ్లీ రాలేదు. తప్పు ఆయనది కాదు, నాదే.

రోజుకు మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ ఐదు నిమిషాలు:

లోలకం. బాగున్న చెయ్యి బల్ల మీద ఆనించి నడుం వంచండి. నొప్పి చేతిని తాడులా వేలాడదీయండి. చేతిని ఊపొద్దు, ఒంటిని అటూ ఇటూ కదిపితే చెయ్యి దానంతటదే ఊగాలి. ముందుకూ వెనక్కూ 10, పక్కలకు 10, చిన్న సున్నాలు 10. వంగితే కళ్లు తిరిగేవాళ్లు మంచం అంచున బోర్లా పడుకుని చేతిని కిందికి వదలండి.

బల్ల మీద జరపడం. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ తువ్వాలు మీద పెట్టి, ఒంటిని ముందుకు వంచుతూ తువ్వాలును జరపండి. చెయ్యి దానివెంట పోతుంది. 10 సార్లు.

కర్రతో బయటికి తిప్పడం, సున్నితంగా. వెల్లకిలా పడుకుని, మోచెయ్యి పక్కకు ఆనించి, రెండు చేతులతో కర్ర పట్టుకోండి. బాగున్న చెయ్యి కర్రను నెడితే నొప్పి చెయ్యి బయటికి తిరుగుతుంది. నొప్పి మొదలైన చోటే ఆపి వెనక్కి రండి.

పదికి ఇన్ని మార్కులు అని నొప్పికి వేసుకుంటే 3 దాటకూడదు. చేశాక అరగంటలో మామూలుకు రావాలి. ఆ రాత్రి నొప్పి పెరిగితే మర్నాడు సగమే చేయండి, పూర్తిగా మానొద్దు.

నిద్ర గురించి అడగనివాళ్లు లేరు. వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి కింద ఒక దిండు పెట్టండి, చెయ్యి వెనక్కి జారకుండా. పక్కకు తిరిగితే బాగున్న వైపే తిరిగి, పెద్ద దిండును కౌగిలించుకున్నట్టు నొప్పి చేతిని దానిమీద ఉంచండి. డాక్టరు రాసిన నొప్పి బిళ్లను రాత్రికి సర్దుకోవచ్చేమో ఆయన్నే అడగండి. చొక్కా, రవిక వేసుకునేటప్పుడు ముందు నొప్పి చెయ్యి, విప్పేటప్పుడు అది ఆఖరున. చిన్న విషయమే గాని ఈ ఒక్కదానితో రోజుకు నాలుగు కేకలు తగ్గుతాయి.

6. బిగుసు దశలో: ఈ వరుసలోనే

రాత్రి నొప్పి తగ్గిందా? ఇప్పుడు సాగదీయాలి. ఇక్కడ బద్ధకిస్తే నెలలు ఊరికే పోతాయి. రోజుకు రెండు మూడుసార్లు, కాపడం తర్వాత.

మొదట బయటికి తిప్పడమే ఎందుకంటే, చెయ్యి పైకి లేవాలంటే లోపల ఎముక బయటికి తిరగాలి. అది తిరగకుండా చెయ్యెత్తితే భుజం చెవి దాకా లేస్తుంది, చెయ్యి మాత్రం లేవదు. అందరూ గోడ దగ్గరికే ముందు పరిగెత్తుతారు, ఫలితం లేదంటారు.

ఒకటి, కర్రతో బయటికి. కూర్చుని గానీ పడుకుని గానీ. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య చిన్న తువ్వాలు మడతపెట్టండి. కర్రతో నెట్టి, లాగుతున్నట్టు తెలిసే చోట 20 నుంచి 30 సెకన్లు ఆపండి. 5 సార్లు. తువ్వాలు కింద పడిందంటే మోచెయ్యి పక్కకు జరిగి మోసం చేస్తోందని అర్థం.

రెండు, వాకిలి దగ్గర. మోచెయ్యి వంచి పక్కకు ఆనించి, అరచేతిని ద్వారబంధానికి పెట్టండి. పాదాలు చిన్నగా జరుపుతూ ఒంటిని అవతలి వైపుకు తిప్పండి. మొదటిది తేలికైపోయాకే ఇది.

మూడు, పడుకుని పైకి. వెల్లకిలా, రెండు చేతులతో కర్ర పట్టుకుని తలవైపు తీసుకెళ్లండి. పని అంతా బాగున్న చేతిదే. నడుం పైకి లేస్తే మోకాళ్లు వంచుకోండి.

నాలుగు, గోడ పాకడం. గోడకు ఎదురుగా, వేళ్లతో సాలీడు నడిచినట్టు పైకి. ఆగిన చోట 20 సెకన్లు, పెన్సిలుతో గీత, పక్కన తారీఖు. వారానికి ఒక్క గీతే గీయండి. రోజూ గీస్తే గీతలన్నీ ఒకే చోట పడి మనసు చెడుతుంది. ఒక ఇంట్లో పిల్లల ఎత్తు కొలిచిన గీతల పక్కనే వాళ్ల నాయనమ్మ చేతి గీతలు చూశా. పిల్లల కంటే ఆవిడే తొందరగా పెరిగింది.

ఐదు, ఛాతీ మీదుగా. బాగున్న చేత్తో నొప్పి చేతి మోచేతిని పట్టుకుని అవతలి భుజం వైపు లాగండి. 20 సెకన్లు, 5 సార్లు.

ఆరు, వీపు వెనక తువ్వాలు. స్నానం చేశాక వీపు తుడుచుకున్నట్టు. పైన బాగున్న చెయ్యి, కింద నొప్పి చెయ్యి, పైచెయ్యి లాగాలి. ఇదే అన్నిటికంటే బాధపెడుతుంది. పై ఐదింటినీ మూడు నాలుగు వారాలు చేశాకే మొదలుపెట్టండి. రవిక హుక్కుల తొందరలో చాలామంది దీంతోనే మొదలుపెట్టి రాత్రి నొప్పి మళ్లీ తెచ్చుకుంటారు. అందాకా ముందు హుక్కుల రవికలు కుట్టించుకోండి, తప్పేముంది?

ఈ దశలో నొప్పి 4, 5 మార్కుల దాకా ఫర్వాలేదు. అరగంటలో తగ్గాలన్న షరతు మాత్రం అలాగే ఉంటుంది.

7. నేను ఎక్కువగా చూసే తప్పులు

కట్టు కట్టించుకోవడం. "పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకుంటే?" అని మన నెల్లూరు వైపు వాళ్లు తప్పకుండా అడుగుతారు. ఇక్కడ విరిగింది ఏమీ లేదు. బిగుసుకుపోయే కీలును ఇంకా కదలకుండా కడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మెడకు వేలాడదీసే పట్టీ కూడా అంతే.

ఒక్క గుంజు గుంజించుకోవడం. నూనె రాసి మెల్లగా మర్దన చేస్తే హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఎవరో మోకాలు ఆనించి చెయ్యి లాగడం వైద్యం కాదు. పొర చిరగొచ్చు, ఎముక బోలుగా ఉన్నవాళ్లకు విరగొచ్చు.

వారానికోసారి నొప్పి ఇంజెక్షన్ చేయించుకోవడం, మందుల షాపులో అడిగి బిళ్లలు మింగడం. కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. ఒంగోలుకు పడమటి పల్లెల్లో కిడ్నీ జబ్బులు ఎంత ఎక్కువో మనకు తెలుసు. కిడ్నీ సమస్య, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు నొప్పి మందు ఏదైనా డాక్టరుకు చెప్పే వాడాలి. ఏముందో తెలియని పొట్లాల మందు అసలొద్దు.

ఇంటిపనే వ్యాయామం అనుకోవడం. "రోజంతా చెయ్యి ఆడుతూనే ఉంటుంది మేడం" అంటారు. రుబ్బినా, ఊడ్చినా చెయ్యి నడుం ఎత్తులోనే ఆడుతుంది. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు కర్రలు పైకి ఎక్కించేవాళ్ల సంగతి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. తల పైకి బరువెత్తే పని వాళ్లు నొప్పి దశలో కొన్నాళ్లు కింద అందించే పనికి మారాలి.

8. ఇంజెక్షన్, ఆ తర్వాతివి

కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పేరు వినగానే భయపడతారు. నా అభిప్రాయం చెబుతా: నొప్పి దశలో నిద్ర లేకుండా ఉన్నవాళ్లకు అది మేలు చేస్తుంది, మొదటి నెలల్లోనే ఎక్కువగా. ఏడాది దాటి, నొప్పి పోయి బిగుతు మాత్రమే మిగిలినప్పుడు చేయించుకుంటే అంత ఉపయోగం ఉండదు. నొప్పి తగ్గిన ఆ వారాల్లో వ్యాయామం చేయకపోతే ఇంజెక్షన్ వృథా.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. వారం పాటు ఇంట్లో రోజూ చూసుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మోతాదు గురించి ముందే మాట్లాడుకోండి.

డాక్టరును అడగాల్సినవి:

- నాది ఏ దశ అంటారు?
- ఇంజెక్షన్ కీలులోకేనా, అల్ట్రాసౌండ్ చూస్తూ ఇస్తారా?
- ఎన్నో రోజు నుంచి వ్యాయామం మొదలుపెట్టాలి?
- నేను వాడే మిగతా మందులతో ఇబ్బంది ఉందా?

పద్ధతిగా ఆరు నెలలు చేసినా కదలిక రాకపోతే ఇంకా దారులున్నాయి. కీలులోకి సెలైన్ ఎక్కించి సంచిని సాగదీయడం, మత్తు ఇచ్చి చెయ్యి కదపడం, చిన్న రంధ్రాల నుంచి బిగుసుకున్న పొరను కోసి వదులు చేయడం. ఒంగోలు రిమ్స్‌లో గానీ నెల్లూరు పెద్దాసుపత్రిలో గానీ ఎముకల విభాగంలో చూపించుకుని అడగొచ్చు. ఎక్కువమందికి అంతదాకా రాదు. వచ్చినా వెంటనే వ్యాయామం మొదలుపెట్టాల్సిందే, ఆపరేషన్ అయింది కదా అని చెయ్యి దాచుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

9. వదులవుతున్నప్పుడు

సాగదీయడం రోజుకు ఒకసారికి తగ్గించి, బలం పెంచే పని మొదలుపెట్టండి. అర లీటరు నీళ్ల సీసా, ఒక రబ్బరు పట్టీ చాలు. మోచెయ్యి పక్కకు ఆనించి రబ్బరు పట్టీని బయటికి లాగడం, రెక్క ఎముకలను వెనక్కి దగ్గరికి తేవడం, సీసాను భుజం ఎత్తు దాకా లేపడం. వారానికి మూడు రోజులు, 10 చొప్పున రెండుసార్లు. గ్యాస్ బండ, నీళ్ల క్యాను ఇంకొన్నాళ్లు వేరేవాళ్లతోనే మోయించండి.

కొందరికి చివర్లో కొద్దిపాటి బిగుతు మిగిలిపోతుంది. దండెం మీద బట్టలు ఆరేయగలిగి, జడ వేసుకోగలిగితే దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

తగ్గిన భుజానికే మళ్లీ రావడం అరుదు. కానీ కొందరికి కొన్నేళ్లలో రెండో భుజానికి వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లకు మరీ. అందుకని ఆదివారం తలస్నానం చేసేటప్పుడు రెండు చేతులతోనూ వీపు రుద్దుకుని చూసుకోండి. నడుం దగ్గర ఒక చెయ్యి వెనకబడితే ఆ సాయంత్రమే అద్దం ముందు గేటు పరీక్ష చేయండి.